ప్లాటు కొన్నారు సరే, ముందు ఆ ఊళ్లో అద్దెకు ఉండి చూడండి

ప్రశ్న: మియాపూర్‌లో అద్దె ఫ్లాటులో ఉంటాం. మావారికి నానక్‌రాంగూడలో ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. నేను కూకట్‌పల్లిలో ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తాను. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. 2019లో శంకర్‌పల్లి దాటాక ఒక పల్లెను ఆనుకుని ఉన్న వెంచర్‌లో 200 గజాలు కొన్నాం. ఇప్పుడు మావారు అక్కడ ఇల్లు కట్టి వచ్చే దసరాకి వెళ్లిపోదాం అంటున్నారు. మా అత్తయ్య వయసు 67, షుగరు, బీపీ ఉన్నాయి. ఆవిడది హుజూరాబాద్ వైపు పల్లె, 'మళ్లీ ఊరికి పోతున్నం' అని సంబరపడుతున్నారు. దూరం కాబట్టి నన్ను ఉద్యోగం మానేయమంటున్నారు. నాకు మాత్రం రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అందరి సంతోషానికి నేనొక్కదాన్నే అడ్డుపడుతున్నానా? వెళ్లాలా, వద్దా? - ఒక సోదరి, మియాపూర్

సమాధానం:

మీరు నా చెల్లెలి వయసులో ఉన్నారు, అయినా ఉత్తరం కాబట్టి మీరు అనే రాస్తున్నాను. వెళ్లొద్దు అని చెప్పను. దసరాకి మాత్రం వెళ్లకండి. ఉద్యోగం మానకండి. ఇంటికి ముగ్గు పోయక ముందే ఆ ఊళ్లో, వెంచర్‌లో కాదు అసలు ఊళ్లోనే, రెండు గదుల ఇల్లు ఒకటి మార్చి నుంచి సెప్టెంబరు దాకా అద్దెకు తీసుకోండి. మియాపూర్ ఫ్లాటు ఖాళీ చేయొద్దు. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అక్కడే ఉండండి, బడులు తెరిచాక శని, ఆదివారాలు వెళ్లండి, మధ్యలో ఓ పది పనిరోజులైనా అక్కడి నుంచే మీరు ఆఫీసుకీ పిల్లలు బడికీ వెళ్లి రండి. రెండు అద్దెలు దండగ కదా అని మీవారు అంటారు. ఇల్లు కట్టడానికి పెట్టబోయే లక్షల ముందు ఆ ఏడు నెలల అద్దె ఎంతో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూపించండి, ఆ పని మీకు బాగా వచ్చు కదా.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మేం ఆ పని చేయలేదు. 2014లో మెహిదీపట్నం నుంచి చేవెళ్ల వైపు ఒక ఊరి పక్కకు వచ్చేశాం. రాకముందు ప్లాటు చూడ్డానికి నాలుగైదు సార్లు వచ్చాం, నాలుగైదు సార్లూ ఆదివారం పొద్దున్నే వచ్చాం. బీజాపూర్ రోడ్డు మీద ఆ ఊడలమర్రులు, క్యారెట్ చేలు, చామంతి తోటలు, దూరంగా నెమలి కూత, తిరుగు ప్రయాణంలో చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు. ఇంకేం కావాలి అనుకున్నాం. మేం చూసింది ఆదివారపు ఊరిని. సోమవారం ఆరింటికి కంకర టిప్పర్లు మొదలవుతాయనీ, శనివారం రాత్రి చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో డీజే ఒంటిగంట దాకా మోగుతుందనీ, మేలో గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కి కూడా తెలియదనీ, ఇల్లు కట్టుకుని దిగాక తెలిసింది. ఆ మొదటి ఏడాది మా ఇంట్లో జరిగినన్ని గొడవలు అంతకుముందు పద్నాలుగేళ్ల కాపురంలో జరగలేదు. ఇప్పుడు ఈ ఊరు వదిలి నేను ఎక్కడికీ పోను, అది వేరే సంగతి. కానీ ఆ ఏడాది ఇంకెవరికీ రాకూడదనే నా తాపత్రయం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది దూరం కాదు, 'నేనొక్కదాన్నే అడ్డుపడుతున్నానా' అన్న మాట. ఒకటి గమనించండి. ఇల్లు మారాక మీవారి జీవితంలో మారేది వారానికి మూడు రోజుల ప్రయాణం, మిగతా వేళల్లో ఆయనకు మంచి గాలి, మేడ మీద సాయంత్రపు టీ. మీ జీవితంలో మాత్రం ఉద్యోగం, స్నేహితులు, కింద దిగితే దొరికే మందుల షాపు, పిల్లల ట్యూషన్, అన్నీ ఒకేసారి మారతాయి. ఎక్కువ పోగొట్టుకునే మనిషికి ఎక్కువ భయం ఉండటం న్యాయమే, దాన్ని స్వార్థం అనుకోకండి. ఇంట్లో ఈ మాట ఇలాగే చెప్పండి, ఏడుస్తూ కాదు, పక్కన కాగితం పెట్టుకుని.

ఉద్యోగం గురించి. ఇలాంటి ఊరి చివర ఇళ్లలో నేను చూసిన ఆడవాళ్లలో ఎక్కువ కుంగిపోయింది ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లే. పొద్దున ఎనిమిదింటికల్లా స్కూలు వ్యాను, భర్త కారు వెళ్లిపోతాయి, తరువాత సాయంత్రం దాకా చుట్టూ ఖాళీ ప్లాట్లు, హద్దురాళ్లు, పిచ్చిమొక్కలు, ఎవరిదో తెలియని ప్రహరీ గోడ. మాట్లాడ్డానికి మనిషి ఉండదు. మా లైన్లో ఒకమ్మాయి రెండేళ్లు అలాగే ఉండి డాక్టరు దాకా వెళ్లాల్సి వచ్చింది, ఇప్పుడు శంకర్‌పల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతోంది, మనిషే మారిపోయింది. మీకు వస్తున్న జీతం ఎంతన్నది ఇక్కడ విషయం కాదు. కనీసం వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్లి మిగతా పని ఇంటి నుంచి చేస్తానని మీ యజమానిని అడగండి, జీఎస్టీ రిటర్నులు, జీతాల లెక్కలు చాలావరకు ఇంట్లో కూర్చుని చేయగలిగినవే. ఆయన ఒప్పుకోకపోతే కొత్తది దొరికే దాకా పాతది వదలొద్దు.

రాకపోకల సంగతి చెబుతాను. బ్రోచర్లలో 'ఓఆర్‌ఆర్ నుంచి పదిహేను నిమిషాలు' అని రాస్తారు. 158 కిలోమీటర్ల ఆ ఔటర్ రింగ్ రోడ్డు మంచి రోడ్డే, దాని మీదికి ఎక్కాక సమస్య లేదు, ఎక్కడానికి ముందే ఉంది అసలు కష్టం. శంకర్‌పల్లి నుంచి మోకిల, జన్వాడ మీదుగా నార్సింగి వైపు వచ్చే రోడ్డు పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా ఎలా ఉంటుందో మీవారు సొంతంగా పది రోజులు నడిపి చూడాలి, మ్యాపులో చూపించే నిమిషాలు నమ్మొద్దు. ఎంఎంటీఎస్, అంటే మన నగరపు లోకల్ రైలు, శంకర్‌పల్లి దాకా రాదు. శంకర్‌పల్లిలో స్టేషన్ ఉంది, వికారాబాద్ లైనులో ప్యాసింజర్లు ఆగుతాయి, కానీ మీ ఆఫీసు వేళలకు కుదిరేవి ఎన్నో స్టేషన్‌కి వెళ్లి బోర్డు చూసి రాసుకోండి. బస్సుకు డబ్బు ఖర్చు లేదు, 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. చూడాల్సింది మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి, అది ఊళ్లోకి వస్తుందా లేక మెయిన్ రోడ్డు మీదే దించేసి పోతుందా, దించిన చోటి నుంచి ఇంటి దాకా వీధిలైట్లు ఉన్నాయా అన్నవి. చీకటిపడ్డాక ఆ దారిలో ఒక్కసారి మీరు నడిచి చూడండి. ఇంకొకటి, స్కూటీ రాకపోతే ఇప్పుడే నేర్చుకోండి, కారు నేర్చుకుంటే మరీ మంచిది. ఈ వైపు బండి నడపడం రాని ఆడమనిషి ప్రతి చిన్న పనికీ ఇంకొకరి మీద ఆధారపడాలి, ఆ ఆధారపడటమే మెల్లగా మనసును తినేస్తుంది.

భయపెట్టాలని కాదు గానీ టిప్పర్ల మాట చెప్పకుండా ఉండలేను. 2025 నవంబరు 3 పొద్దున చేవెళ్ల దగ్గర బీజాపూర్ రోడ్డు మీద కంకర టిప్పరు తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును గుద్దింది, కంకరంతా బస్సులోకి ఒరిగిపోయింది, 19 మంది పోయారు. కాలేజీకి పోతున్న పిల్లలు, ఆదివారం ఇంటికొచ్చి తిరిగి పనికి పోతున్నవాళ్లు. మేం రోజూ తిరిగే రోడ్డు అది. ఆ వారమంతా మా ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. మహానగరం చుట్టూ ఇన్ని మేడలు లేస్తుంటే వాటి రాయి, ఇసుక, మట్టి అంతా ఊళ్ల మధ్య నుంచే పోవాలి. అందుకే మీ పిల్లల వ్యాను ఏ దారిన పోతుంది, ఆ దారిలో క్రషర్లు ఉన్నాయా, మధ్యలో డివైడర్ ఉందా అని చూడమంటున్నాను.

ప్లాటు కాగితాల మాట మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే మీరు అకౌంట్స్ మనిషి, ఇంట్లో ఈ పని మీరే చేయాలి. మీది లేఅవుట్ అనుమతి ఉన్న వెంచరేనా? లేకపోతే 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకానికి, దరఖాస్తు పెట్టారా, పెట్టి ఉంటే డబ్బు కట్టి ప్రొసీడింగ్స్ (మంజూరు పత్రం) చేతికి తీసుకున్నారా? ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచీ తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే పాత అమ్మకపు దస్తావేజులన్నీ, వరసగా పెట్టి చదవండి, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే 1977 చట్టం ప్రకారం అమ్మడానికే వీల్లేదు, తెలియక కొన్నామంటే వినే దిక్కుండదు. ఇక శంకర్‌పల్లి మండలంలో కొన్ని ఊళ్లు 111 జీవో కిందికి వస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడ్డానికి 1996 మార్చిలో ఇచ్చిన జీవో అది, మొత్తం 84 గ్రామాలు. 1908 మూసీ వరదలో హైదరాబాద్ కొట్టుకుపోయాక కట్టిన చెరువులు ఆ రెండూ. ఆ జీవోను ఎత్తేస్తున్నామని 2022లో ఒక జీవో, 2023లో మంత్రివర్గ నిర్ణయం వచ్చాయి, వాటిని పట్టుకుని రియల్ ఎస్టేట్ వాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. మీ ఊరు ఆ 84లో ఉందా, ఉంటే ఈ రోజుకి ఏ నిబంధన అమల్లో ఉందో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నుంచి రాతలో తెచ్చుకోండి. నోటిమాట మీద గోడ లేపకండి.

కాగితాల్లో కనిపించనిది ఊళ్లో ముసలివాళ్లకు తెలుస్తుంది. నా ఇంటి వెనక నాలుగు ప్లాట్లు చూసి మా అన్నయ్య కొందామనుకున్నాడు, కాగితాలన్నీ బాగానే ఉన్నాయి. గేదెలు తోలుకుపోతున్న ఒక తాతను పలకరిస్తే, 'గది కుంట శిఖం బిడ్డా, పెద్దవాన పడితే మా చిన్నప్పుడు ఆడ ఈత కొట్టెటోళ్లం' అన్నాడు. శిఖం అంటే నీళ్లు నిలిచే కుంట అడుగు నేల. తరువాత 2020 అక్టోబరు వానలకు ఆ నాలుగు ప్లాట్లలో నడుం లోతు నీళ్లు నిలబడ్డాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండు మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని నిబంధన ఉంది, కానీ కుంటే కనిపించకుండా పూడ్చేస్తే ఆ మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? జులై, ఆగస్టుల్లో అక్కడ ఉండమన్నది అందుకే. మీ ప్లాటు మీద వాన ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో కళ్లారా చూడాలి.

నీళ్లు లేకపోవడం ఇంకో కష్టం. మార్చి, ఏప్రిల్‌లో వెంచర్ బోరు ఎన్ని గంటలు పోస్తుంది, ట్యాంకరు తెప్పిస్తే ఎక్కడి నుంచి వస్తుంది, మిషన్ భగీరథ నల్లా ఊళ్లోకి వస్తోంది సరే, మీ వెంచర్‌కి కలిపారా? ఇప్పటికే అక్కడ కాపురం ఉంటున్నవాళ్లను అడగండి, అమ్మినవాళ్లను కాదు. అసలు ఆ వెంచర్‌లో దీపం వెలిగే ఇళ్లు ఎన్నో రాత్రి ఎనిమిదింటికి వెళ్లి లెక్కపెట్టండి. వంద ప్లాట్లలో నాలుగిళ్లే ఉంటే మీరు ఇంకా రెండు మూడేళ్లు ఆగడమే మేలు. చెత్త బండి వస్తుందా, రాకపోతే ఎక్కడ తగలబెడుతున్నారు, గాలి ఎటు వీస్తుంది, ఇవీ చూడండి. పాములుంటాయి. పక్క ఖాళీ ప్లాటు యజమాని అమెరికాలో ఉంటే గడ్డి మీరే కోయించాలి, గడప దగ్గర లైటు వెయ్యకుండా చెప్పుల్లో కాలు పెట్టొద్దని పిల్లలకు మొదటి రోజే నేర్పాలి, పాముకాటు మందు ఉండే ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోవాలి. కోతుల గురించి చెబితే ఇంకో ఉత్తరమవుతుంది, పెరట్లో జామ, మామిడి అని కలలు కనేముందు ఊరివాళ్లు ఏం పండించుకోగలుగుతున్నారో చూడండి.

ఇక నాకు అన్నింటికన్నా ముఖ్యమైన మాట. మీ ఉత్తరంలో ప్లాటు ఉంది, దూరం ఉంది, ఆ ఊరి మనుషులు ఒక్కరు కూడా లేరు. మీ తప్పు కాదు, మేం వచ్చినప్పుడు మాకూ లేరు. వెంచర్ అంటే ఎవరో ఒక రైతు పొలమే కదా. ఆ పొలం మధ్య నుంచి ఊరి బాటలు ఉండేవి, గొర్లు పోయే దారి, బావికి పోయే దారి, పోచమ్మ గుడికి పోయే దారి. మా వెంచర్ ప్రహరీ కట్టినప్పుడు పోచమ్మ గుడికి పోయే తొవ్వ మూసుకుపోయింది. మొదట్లో గేటు తెరిచే ఉంచేవాళ్లు. 2016లో రెండిళ్లలో దొంగతనం జరిగింది, అప్పుడు కాలనీ అసోసియేషన్ సమావేశంలో గేటుకు తాళం వేద్దాం, బయటివాళ్లను రానివ్వొద్దు అని తీర్మానం రాశారు. బయటివాళ్లంటే ఊరివాళ్లు. నేనూ సంతకం పెట్టాను. అప్పుడు నాకు అందులో తప్పేం కనిపించలేదు.

ఆ ఏడాది బోనాల నాడు పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు తలల మీద బోనాలతో, డప్పులతో వచ్చి గేటు ముందు నిలబడ్డారు. వాచ్‌మన్ తాళం తీయడానికి భయపడి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నేను వెళ్లేసరికి మాకు రోజూ పాలు పోసే లక్ష్మక్క (పేరు మార్చాను) బోనం దించకుండా అలాగే నిలబడి ఉంది. నెత్తి మీద దీపం వెలుగుతోంది. నన్ను చూసి కోపంగా కూడా అనలేదు, 'ఏం మేడం, అమ్మోరి తొవ్వ బంద్ జేస్తరా' అంది, అంతే. పాలు పోసేటప్పుడు నన్ను అక్కా అని పిలిచే మనిషి ఆ రోజు మేడం అంది. తాళం ఆ క్షణమే తీయించాను గానీ, ఆ పిలుపు మళ్లీ అక్కా కావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర నేను ప్రతి సమావేశంలో ఇదే మాట ఎత్తాను, కొందరు నాతో మాట్లాడటం మానేశారు. చివరికి పక్క గోడలో చిన్న గేటు పెట్టించాం, పొద్దున ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా దానికి తాళం ఉండదు. గేదెలు వస్తాయి, పిల్లలు క్రికెట్‌కు వస్తారు, బతుకమ్మ నాడు ఊరివాళ్లూ మేమూ కలిసే ఆడతాం. ఆ గేటు పెట్టాక దొంగతనాలు పెరగలేదు. కొత్త మనిషి ఎవరు తిరిగినా ఊరివాళ్లే ముందు పట్టుకుని అడుగుతున్నారు.

కరోనా లాక్‌డౌన్‌లో మాకు పాలు, కూరలు, ఆకుకూరలు ఒక్కరోజు ఆగలేదు, అవన్నీ ఆ చిన్న గేటు నుంచే వచ్చాయి. మావారికి అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చినప్పుడు 108 వచ్చేలోపే లక్ష్మక్క కొడుకు ఆటో తెచ్చి తీసుకెళ్లాడు. అందుకే చెబుతున్నాను, అద్దెకు ఊళ్లోనే ఉండండి అని. ఆ ఏడు నెలల్లో మీకు పాలు పోసే మనిషి, కిరాణా కొట్టాయన, ఆశా వర్కరు, సర్పంచో కౌన్సిలరో, ఎదురింటి అవ్వ, వీళ్లందరూ తెలుస్తారు. ఇల్లు కట్టేటప్పుడు కొత్తవాళ్లుగా కాక తెలిసినవాళ్లుగా కడతారు. మేస్త్రీ దగ్గర్నుంచి తేడా కనిపిస్తుంది.

ఊరివాళ్లను అర్థం చేసుకోవాలంటే వాళ్లకేం జరుగుతోందో కూడా తెలియాలి. ఎకరానికి 4,840 గజాలు, గుంటకు 121 గజాలు. మొదట అమ్ముకున్నవాళ్లు ఎకరాల లెక్కన తక్కువకు అమ్మారు, ఇప్పుడు అదే భూమి గజాల లెక్కన ఏ రేటు పలుకుతోందో రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లు ప్రతి వాడలో ఉంటాయి. కౌలుకు చేసుకునేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు భూమి అమ్మిన డబ్బులో పైసా రాలేదు, పని మాత్రం పోయింది. 2024 సెప్టెంబరులో ఔటర్ చుట్టుపక్కల 51 గ్రామాలను మున్సిపాలిటీల్లో కలిపారు, అలా కలిసిన ఊళ్లలో ఉపాధి హామీ పని ఆగిపోతుంది, ఎందుకంటే అది పల్లెలకే. ఇంటి పన్ను లెక్క మాత్రం మారుతుంది. ఇవేవీ తెలియకుండా మనం వెళ్లి 'ఇక్కడ పనిమనుషులు చాలా అడుగుతున్నారు' అని విసుక్కుంటే వాళ్లకు ఎలా ఉంటుంది చెప్పండి.

మీ అత్తయ్యగారి విషయానికి వస్తే, ఆవిడ సంబరం నాకు బాగా అర్థమవుతుంది, మా అమ్మా ఇలాగే వచ్చింది. కానీ ఆవిడ మనసులో ఉన్నది హుజూరాబాద్ వైపు తన ఊరు, తనను పేరు పెట్టి పిలిచే వాడకట్టు, తను పుట్టి పెరిగిన భాష. ఈ ఊరు అది కాదు. వెంచర్‌లో ఇల్లు కడితే ఆవిడకు మియాపూర్ ఫ్లాటులో కన్నా ఒంటరితనం ఎక్కువ ఉండొచ్చు, అక్కడ కనీసం లిఫ్టులో మనుషులు కనిపిస్తారు. ఊళ్లో అద్దె ఇంట్లో అయితే అరుగు మీద కూర్చుంటే పది మంది పలకరిస్తారు, రెండు వారాల్లో ఆవిడకు మీకన్నా ఎక్కువ మంది తెలుస్తారు, నా మాట రాసిపెట్టుకోండి. మా అమ్మను వెంచర్‌లో ఉంచి మూడు నెలలు బాధపెట్టాం, తరువాత రోజూ సాయంత్రం ఊరి నడిమధ్య ఉండే బొడ్రాయి దగ్గరికి నడిపించుకుపోవడం మొదలుపెట్టాకే ఆవిడ మొహంలో కళ వచ్చింది. మందుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఇన్సులిన్ వాడుతుంటే కరెంటు పోయినప్పుడు ఎలా దాచాలో ఆలోచించుకోండి, నెలకు సరిపడా మాత్రలు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, అర్ధరాత్రి గుండె డాక్టరు ఉండే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఒక రాత్రి మీవారిని నిజంగా నడిపి చూడమనండి.

పిల్లల గురించి తక్కువే చెబుతాను. పాపకు ఏ ఊరైనా నెలలో అలవాటవుతుంది. బాబును మాత్రం చదువు ఏడాది మధ్యలో, అదీ దసరా సెలవుల్లో, కదిలించొద్దు. కదిలిస్తే కొత్త తరగతి మొదట్లో, ఇల్లు పూర్తయ్యే ఆ జూన్‌లో. అది దాటితే పదో తరగతి అయ్యేదాకా ఆగండి. వాడిని కూడా కూర్చోబెట్టి అడగండి, ఆ వయసు పిల్లాడికి స్నేహితులు పోవడం ఎంత పెద్ద విషయమో మనం మరిచిపోతాం.

మీవారితో ఈ మాటలు ఎలా ఎత్తాలి అంటారేమో. 'నేను రాను' అని మొదలుపెట్టకండి, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. 'మనం వెళ్దాం, ముందు ఏడు నెలలు ఉండి చూద్దాం, అప్పటికీ మీ మనసూ నా మనసూ ఇదే అయితే వచ్చే జూన్ నాటికి ఇల్లు పూర్తిచేద్దాం' అనండి. అంటే సెప్టెంబరులో నిర్ణయం, దసరాకి కావాలంటే గృహప్రవేశానికి బదులు శంకుస్థాపన పెట్టుకోవచ్చు. అత్తయ్యగారికి కూడా పండగ పండగలాగే ఉంటుంది. ఆ ఏడు నెలల తరువాత మీకు వద్దనిపిస్తే ఆ వద్దును ఆయన గౌరవించాలి, ఈ మాట ముందే ఒప్పించుకోండి. ప్లాటు ఎక్కడికీ పోదు.

ఈ వారంలోనే ఒక పని చేయండి. ఆదివారం కాకుండా మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి, కారులో కాదు బస్సులో, అత్తయ్యగారిని తీసుకుని మీరిద్దరే ఆ ఊరికి వెళ్లండి. ప్లాటు దగ్గరికి వెళ్లకండి. బొడ్రాయి దగ్గర దిగి, కిరాణా కొట్లో టీ పొడి కొని, 'ఇక్కడ రెండు గదులు కిరాయికి ఎక్కడ దొరుకుతయి అన్నా' అని అత్తయ్యగారి చేతే అడిగించండి. సాయంత్రం ఆఖరి బస్సుకు తిరిగి రండి, ఇంటికి చేరేసరికి ఎంతైందో రాసుకోండి. ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయండి.